వాగుకి ఏ పక్కన

అమెరికాలో మెయిన్ రాష్ట్రపు ఉత్తర కొస, నది దాటితే కెనడా. నవంబరు చివర, పొద్దెక్కినా ఎండ రాని రోజు. చెక్క ఇంటి వాకిట్లో క్లోవిస్ నిలబడి ఉన్నాడు. తలుపు తీసినవాడు ఒడిలాన్, అతని అక్క మొగుడు. ఇద్దరి ఇళ్లకీ మధ్య ఉన్నది ఒక్క వాగు. ఆరేళ్లుగా దాన్ని దాటే తీరిక ఇద్దరికీ దొరకలేదని ఊళ్లో అంటారు. ఊరిది మంచి మనసు, కోపాన్ని కూడా తీరిక లేకపోవడం అనే అంటుంది.

"...తలుపు వేసెయ్యకు బావా. ఒక్క మాట విను, ఆ తర్వాత వేసుకో."

"వెయ్యడం లేదు. చలి లోపలికొస్తోంది. త్వరగా చెప్పు."

"లింక్స్ పడింది."

"లింక్సా?"

"చెవుల మీద కుచ్చులూ అదీ, పెద్ద అడవిపిల్లి. నక్కల కోసం పెట్టిన ఉచ్చులో పడింది. బతికే ఉంది. ముందు కాలు ఇరుక్కుంది."

"ఎవరి ఉచ్చు?"

"వాగు దగ్గర, ఆ విరిగిన ఫర్ చెట్టు పక్కన..."

"ఎక్కడని అడగలేదు. ఎవరిదిరా?"

"నీదే."

"నాదా."

"నీదే. పేరు రేకు చూశాను. ఒడిలాన్ మిషో అని రాసుంది."

"సరిగ్గా చూశావా?"

"కొంచెం తుప్పు పట్టింది. అయినా చదవొచ్చు."

"తుప్పు పట్టే ఉంటుందిలే. వాగుకి ఏ పక్కన?"

"నీ పక్కనే. నీ పక్కన, కొంచెం అటుగా. అందుకే నేను ముట్టుకోలేదు. ఒకడి ఉచ్చు మీద ఇంకొకడు చెయ్యి వెయ్యకూడదు కదా. మా నాన్న మనిద్దరికీ మొదట నేర్పింది అదే. నా కుక్క పడ్డా సరే, నీ ఉచ్చు నేను విప్పను."

"నీ కుక్క పడితే విప్పుకో. నేనేం అనుకోను."

"కుక్క పోయింది బావా. కిందటి చలికాలం."

"అలాగా. నాకెవరూ చెప్పలేదు."

"చెప్పడానికి ఎవరున్నారు?"

"ఆఫీసుకి ఫోను చేశావా? ఆ పని నీకు బాగా అలవాటేగా."

"ఎత్తిపొడుపులు తర్వాత. చేశాను, గుట్టెక్కి చేశాను, సిగ్నల్ అక్కడే కదా వచ్చేది. ఎవరో అమ్మాయి, జంతువుల ఆఫీసులో కొత్తగా చేరిందట. ఇంకేదో పని మీద చాలా దూరంలో ఉంది, సాయంత్రం దాకా రాలేనంది. అప్పటిదాకా ఆగితే కాలు గడ్డకట్టి పోతుంది. ఇద్దరు మనుషులుంటే మీరే విప్పి వదిలెయ్యండి, ఒక్కరైతే దాని దగ్గరికి కూడా వెళ్లొద్దు అంది. మీకెవరైనా ఉన్నారా అని అడిగింది."

"నువ్వేమన్నావు?"

"ఉన్నారన్నాను."

"ఎవరు?"

"కోటు వేసుకుంటావా, ఇక్కడే నిలబడి నా మొహం చూస్తావా?"

"వేసుకుంటాన్లే. ఒకవేళ అది చచ్చిపోతే?"

"తెలీనట్టు అడుగుతావేం. ఇంకొక్క లింక్స్ చచ్చిందంటే ఈ వాగు రెండు పక్కలా ఉచ్చులన్నీ తీయించేస్తామని కిందటేడే చెప్పారుగా. పిల్లి వాళ్లకి అంత ముఖ్యం. ఉచ్చు పెట్టినవాడి లైసెన్సు ఎలాగూ పోతుంది. నీ సంగతేమో గానీ, నాకీ పని తప్ప ఇంకేం వచ్చు? పొద్దున్నే లేవడానికి నాకున్న కారణం ఇదొక్కటే. ఇది కూడా తీసేస్తే పక్కలోనే పడుకుని ఇంటి కప్పు చూస్తూ ఉండాలి."

"కప్పు చూడటం అంత కష్టమేం కాదు. అలవాటవుతుంది. ఉండు, పెట్టెలోంచి దుప్పటి తీసుకొస్తాను."

"...బావా, అది అక్కది కదూ?"

"పిల్లి మొహం మీద వెయ్యడానికి మందంగా ఏదో ఒకటి కావాలిగా."

"అక్క నేసింది అది. పాడైపోతుంది."

"పెట్టెలో పడుండి ఏం బాగుపడుతోంది? నడువు."

*

మంచు ఇంకా పలచగానే ఉంది. దారి ఇద్దరికీ కంఠతా వచ్చు, మాటలే మర్చిపోయారు. ఫర్ చెట్ల మధ్య ముందు క్లోవిస్, వెనక ఒడిలాన్.

"ఈ ఏడు ఎలా ఉంది బావా నీకు?"

"ఏది?"

"వేటే. ఏమన్నా పడుతున్నాయా?"

"చెప్పుకోడానికి ఏం లేదు."

"మార్టెన్లు? ముంగిసంతే ఉన్నా బొచ్చుకి మంచి ధర వస్తుందిగా."

"లేవు."

"నక్కలు?"

"నక్కలూ లేవు."

"అదేంటి? నీ వైపు నక్కలు బాగానే తిరుగుతున్నట్టుందే."

"తిరగనీ. వాటి అడవి, వాటి కాళ్లు."

"నీ ఇంటి పొగ మాత్రం రోజూ చూస్తుంటాను. చూస్తుంటానంటే, పనిగట్టుకుని కాదు. కళ్లున్నాయి కాబట్టి కనబడుతుంది. పొగ లేచిందంటే నువ్వు లేచావన్నమాట."

"నిప్పు లేనిదే పొగ రాదు. నేనుంటేనే నిప్పు."

"ఆమధ్య రెండు రోజులు రాలేదు."

"జ్వరం."

"వచ్చి చూద్దామనుకున్నాను."

"వచ్చావు. వాగు దాకా."

"నీకెలా తెలుసు?"

"జ్వరం తగ్గాక బయటికొచ్చాను. అవతలి ఒడ్డున అడుగులున్నాయి. ఎడమ మడమ అరిగిన బూటు. వాగు దాకా వచ్చి, కాసేపు అక్కడక్కడే తిరిగి, వెనక్కి వెళ్లిపోయిన అడుగులు."

"...నీళ్లు ఎక్కువగా ఉన్నాయి ఆరోజు."

"మోకాలి లోతు."

"చల్లగా ఉన్నాయి."

"ఉంటాయి. నవంబరు కదా."

"ఆ బూడిదరంగు పిట్ట చూడు, మన వెనకే వస్తోంది. చచ్చిపోయిన అడవి మనుషులే ఆ పిట్టలైపోతారని మా నాన్న అనేవాడు."

"అయితే అది మీ నాన్నే. ఈ ముసలాళ్లిద్దరూ ఇంత నెమ్మదిగా నడుస్తారేంటి, ఇలాగైతే ఉచ్చులెప్పటికి చూస్తారని తిట్టుకుంటున్నాడు."

"నవ్వించకు, ఊపిరాడటం లేదు."

"నువ్వు నవ్వి చాలాకాలమైనట్టుంది. గొంతు కీచుమంటోంది... ఒరేయ్ ఆగు. వాగు దాటుతున్నాం."

"ఆ."

"నా పక్కనన్నావు."

"నీ పక్కే. వాగే నీ ఇంటి వైపు జరిగింది. బీవర్లు పైన ఆనకట్ట కట్టాయి కదా. నీళ్లు దారి మార్చుకున్నాయి."

"బీవర్లు."

"పాడు బీవర్లు."

"అయితే ఇప్పుడు మనం నిలబడింది నా పక్కన."

"పాత హద్దు ప్రకారం నీ పక్కే. రాళ్లు పాచిగా ఉన్నాయి, చెయ్యి ఇవ్వనా?"

"ఇవ్వు... ఆ. చాలు. ఆరోజు కూడా ఇలాగే మబ్బు పట్టింది."

"ఏ రోజు?"

"ఏ రోజో నీకు తెలుసు."

"ఇప్పుడెందుకు బావా అది?"

"మళ్లీ ఎప్పుడు దొరుకుతావని? ఆరేళ్ల కిందట నా మార్టెన్ల పెట్టెలో పడిన పిల్లి మనం చూసేసరికే చచ్చి కొయ్యబారిపోయింది. చచ్చినదాన్ని పాతిపెడితే ఎవరికేం నష్టమన్నాను. నేను గొయ్యి తవ్వుతుంటే పార అందించావు. అందించినవాడివి, తెల్లారి వెళ్లి ఆఫీసులో చెప్పావు."

"రాత్రంతా నిద్ర పట్టలేదు."

"నాకు రెండు చలికాలాలు పట్టలేదు. లైసెన్సు లాగేసుకుంటే మగాడు ఇంట్లో కూర్చుని కుర్చీ కాళ్లు బాగుచేసుకోవడమేగా. ఉన్నవి నాలుగు కుర్చీలు."

"మార్టెన్ల పెట్టెకి కంత చిన్నదిగా చెయ్యాలని నీకు ఎన్నిసార్లు చెప్పాను? మార్టెన్ దూరాలి, పిల్లి తల పట్టకూడదు. అందుకేగా ఆ పెట్టె పెట్టేది. పాత పెట్టెలు మార్చడానికి బద్ధకించావు."

"బద్ధకించాను. కాదనలేదు. చెప్పదలుచుకుంటే నా మొహం మీద చెప్పి వెళ్లాల్సింది. ఇరవై ఏళ్లు నా వెనక నడిచినవాడివి, నాకు చెప్పకుండా వెళ్లావు. అదే నాకు మండింది."

"...అక్కకి చెప్పాను కదా, తను నీకు చెబుతుందిలే అనుకుని..."

"జెర్మేన్‌కి చెప్పావా?"

"పొద్దున్నే వంటింటి కిటికీ దగ్గరికొచ్చి చెప్పాను. వెళ్లమంది."

"చూశావా. నాతో ఆ ముక్క అనలేదు. వాడు చేసింది తప్పు కాదు అని మాత్రం అంది. నా టేబుల్ దగ్గర కూర్చుని, నా ప్లేట్లో ప్లోయ్ అట్టు వేస్తూ అంది. ఇంకెప్పుడూ వాడి పేరు ఈ ఇంట్లో ఎత్తొద్దన్నాను."

"ఎత్తలేదా?"

"పోయేదాకా ఎత్తలేదు. మొండిది, మీ వంశమంతా అంతే. పొద్దున్నే వాకిట్లోకెళ్లి వాగు వైపు చూస్తూ నిలబడేది. ఏం చూస్తున్నావంటే పొగ అనేది. ఎవరి పొగ అని నేనడగలేదు, తను చెప్పలేదు... ముక్కు తుడుచుకో. గడ్డకడుతుంది."

"అక్కని సాగనంపిన రోజు చర్చికి వచ్చాను."

"చూశాను. బయట వానలో నిలబడ్డావు."

"లోపలికి రమ్మని ఎవరన్నారు?"

"నేననలేదు. నువ్వే వస్తావనుకున్నాను. ముందు వరసలో నా పక్కన చోటు ఉంచాను, ఎవర్నీ కూర్చోనివ్వలేదు. సరేలే... అదేనా ఆ చెట్టు?"

"అదే. నెమ్మదిగా రా."

*

"కూర్చుంది చూడు, మనమే దాని ఇంటికి చుట్టపుచూపుగా వచ్చినట్టు."

"పొద్దున్నించీ అంతే. నక్కయితే ఈపాటికి నేలంతా గీకి పారేసేది. ఇది కదలదు. చూస్తుంది, అంతే."

"గొలుసు పొట్టిగానే ఉంది. మంచిదైంది, చెట్టుకి చుట్టుకోలేదు."

"ఆ. నువ్వు... జాగ్రత్తగానే పెట్టావు."

"ఎరకి పెట్టిన కౌజు రెక్క బయటికి కనబడుతోంది."

"ఆ."

"ఎర మీద కొమ్మలు కప్పలేదు."

"ఆ. ఇదిగో, ఈ రెమ్మలు కొంచెం..."

"ఇప్పుడెందుకు కప్పడం, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు. వదిలెయ్. నక్క ముక్కు పెట్టి వెతుక్కుంటుంది, కప్పినా పట్టుకుంటుంది. పిల్లి కంటికి కనబడిందాని దగ్గరికి వస్తుంది. రెక్క గాలికి ఊగుతుంటే రాకేం చేస్తుంది? పిల్లి రాకూడదనేగా ఎర కప్పమనేది. నేను కప్పకుండా వదిలానంటావా?"

"వయసు బావా. ఎవరికైనా..."

"మనిద్దరం కలిసి పెట్టినన్నాళ్లూ కాలు పడే మీట సర్దడం నీ పని. ఎర కప్పడం నా పని. నువ్వు మీట సర్ది లేచి పక్కకి తప్పుకునేవాడివి, నేను వంగి కప్పేవాణ్ణి. ఒక్కసారన్నా మర్చిపోయానా?"

"లేదు."

"మరి ఇప్పుడెలా మర్చిపోయానంటావు? అడుగుతున్నాను."

"మీట సర్ది, లేచి, పక్కకి తప్పుకుని ఉంటావు. ఎవరో వచ్చి కప్పుతారన్నట్టు. ఒంటికి అలవాటైపోయి ఉంటుంది. వెనక ఎవరూ లేరన్న సంగతి ఒళ్లు మర్చిపోతుంది."

"అంతే అయ్యుంటుంది."

"అంతే బావా."

"సరే. నువ్వు స్ప్రింగులు తొక్కు. దుప్పటి నేను వేస్తాను, నా మోకాళ్లు వంగవు."

"దుప్పటి వేసేవాడికే పంజా తగులుతుంది. ఇటివ్వు, నేను వేస్తాను."

"చెప్పింది చెయ్యి. ఆ పక్క నుంచి రా, దానికి కనబడేలా రా, దొంగలా రాకు... ఏం లేదమ్మా. ఏం లేదు. కళ్లు మూసుకో. జెర్మేన్ దుప్పటి ఇది, మెత్తగా ఉంటుంది. అదీ... అదీ... పడింది. భుజాలు దొరికాయి. తొక్కు."

"రెండు స్ప్రింగులూనా?"

"రెండూ ఒక్కసారే. మడమతో కాదు, పాదం మధ్యతో. కొత్తగా నేర్చుకుంటున్నావా?"

"చలికి కాళ్లకి పట్టు తెలీడం లేదు... ఆ. తెరుచుకుంది. లాగు."

"వచ్చింది. కాలు చూడు ముందు. త్వరగా."

"చల్లగా ఉంది. వాచింది. తెగలేదు... ఎముకా బాగానే ఉంది. వేళ్లు విప్పుతోంది బావా. నా చెయ్యి గీరింది."

"గీరిందంటే ప్రాణం ఉన్నట్టే. వెనక్కి జరుగు. ఇంకొంచెం. దుప్పటి తీసేస్తున్నాను."

"పోదేంటి?"

"వదిలారని దానికింకా తెలీదు."

"పో. పో అమ్మా."

"తరమకు. దానికి తోచినప్పుడు పోతుంది."

"కాలు నాక్కుంటోంది. మనం ఇక్కడున్నట్టే లెక్కలేదు దానికి."

"మనం ఉన్నామని ఎవరికి లెక్క గనక? ఒక్క పిల్లినే అంటావేం."

"లేచింది... మోపుతోంది. నాలుగూ మోపుతోంది."

"కుంటుతోందా?"

"కొంచెం. కొంచెమే. అదిగో, ఆ పొద వెనక్కి... వెళ్లిపోయింది."

"వెళ్లిపోయింది."

"బతుకుతుందంటావా?"

"నాలుగు కాళ్లూ మోపిందిగా. బతుకుతుంది. కూర్చో ఈ దుంగ మీద. చెయ్యి చూపించు. పెద్దదేం కాదు, గీత పడింది. దుప్పటి అంచుతో అదిమి పట్టు."

"అక్క దుప్పటి..."

"చిన్నప్పుడు నీ నెత్తురు ఎన్నిసార్లు తుడిచిందో. ఇంకోసారి తుడుస్తుంది, పట్టు."

"ఇంక గుట్టెక్కి ఆ అమ్మాయికి చెప్పాలి. వదిలేశాం, కాలు బాగానే ఉందని."

"చెప్పు."

"ఎవరి ఉచ్చు అని అడుగుతుంది. ఎందుకు పడిందని అడుగుతుంది."

"నాదని చెప్పు. ముసలాడు ఎర కప్పడం మర్చిపోయాడని చెప్పు."

"నీకిది రెండోసారి బావా. మొదటిసారి రెండేళ్లతో వదిలారు, రెండోసారి ఊరుకోరు. జన్మలో మళ్లీ లైసెన్సు ఇవ్వరు."

"ఇవ్వకపోతే పోయె."

"పోయె ఏంటి? ఉచ్చులు లేకపోతే ఒక్కడివీ ఆ ఇంట్లో కూర్చుని ఏం చేస్తావు?"

"ఇప్పుడేం చేస్తున్నానో అదే. లే, చీకటి పడకముందు గుట్టెక్కి రా. ఒడిలాన్ మిషో అని చెప్పు. రేకు మీద ఉందన్నావుగా."

"చెప్పను."

"ఏం? ఇదివరకు చెప్పావుగా, గుక్క తిప్పుకోకుండా."

"అప్పుడు చెప్పింది నిజం."

"ఇప్పుడు, క్లోవిస్?"

"రేకు చూడు బావా."

"కళ్లజోడు ఇంట్లో ఉంది."

"నాది. ఉచ్చు నాది. రేకు మీదున్నది నా పేరే. వాగు ఎక్కడికీ జరగలేదు, బీవర్లు ఏమీ కట్టలేదు, ఇది మొదటినుంచీ నా పక్కే. మీట సర్ది లేచి, పక్కకి తప్పుకుని, తిన్నగా ఇంటికొచ్చేశాను. ఎర సంగతి పొద్దున పిల్లిని చూసేదాకా గుర్తే లేదు. గుట్టెక్కి నా పేరే చెబుతాను, ఏం చేసుకుంటారో చేసుకోనీ. నీకు అబద్ధం చెప్పాను. నాదని చెబితే నువ్వు తలుపు తీసేవాడివా? వెళ్లి నీ మీద నువ్వే చెప్పుకో, ఆ విద్య నీకు వచ్చుగా అనేవాడివి. నీదంటే రాక తప్పదు. అందుకని... ఆ అమ్మాయి మీకెవరైనా ఉన్నారా అని అడిగినప్పుడు, ఉన్నారని నోటికొచ్చేసింది. అన్నాక ఎవరో ఒకరు ఉండాలి కదా. తిట్టు. ఏదో ఒకటి అను."

"రేకు తుప్పు పట్టిందన్నావు చూడు. అది బాగా అల్లావు."

"బావా."

"నా ఉచ్చులన్నీ కొట్టంలో మేకులకి వేలాడుతున్నాయి. లైసెన్సు తిరిగి ఇచ్చారు, తెచ్చుకున్నాను. కానీ మీ అక్క పోయాక ఒక్క ఉచ్చూ దించలేదు. ఇంటికొస్తే 'ఏం పడింది' అని అడిగే మనిషి లేదు. ఇంకెందుకు దించడం?"

"నాలుగేళ్లుగా?"

"నాలుగేళ్లుగా."

"అంటే... వాకిట్లో నేను 'నీదే' అన్నప్పుడే నీకు..."

"తెలుసు."

"మరి అక్కడే అనొచ్చుగా, నాది కాదు పొమ్మని."

"అనుంటే నువ్వు వెనక్కి వెళ్లిపోయేవాడివి కదరా."